రెండు చెవుల పెట్టె

ఎనిడ్ పించ్‌బెక్ బల్ల మీద ఎండిపోయిన టీ మరకను బొటనవేలి గోటితో గీకుతోంది. సగం వచ్చింది, సగం రాలేదు. క్యాంటీన్ వెనక ఉన్న ఈ గదిని క్యాబేజీ ఫ్యాక్టరీ వాళ్లు శిక్షణ గది అంటారు. విరిగిన కుర్చీలు, క్రిస్మస్ అలంకరణల అట్టపెట్టెలు, పాడైపోయిన ఫ్రిజ్ ఒకటి ఇందులోనే పడేశారు. వాటి మధ్య రెండు బల్లలు దగ్గరికి లాగితే అదే తరగతి. పన్నెండున్నరకు మొదలై ఒంటిగంటకు అయిపోతుంది. ఆ అరగంట పనివాళ్ల భోజనం వేళ. ఉచితంగా ఇంగ్లీషు నేర్పిస్తున్నామని ఫ్యాక్టరీ ముందు గోడకు పెద్ద ఫొటో తగిలించారు. అందులో అందరూ నవ్వుతుంటారు. ఎవరి తిండి వేళ లాక్కుని నేర్పిస్తున్నారో ఆ ఫొటోలో కనపడదు.

అందుకే తన తరగతిలో తినొద్దని ఎనిడ్ ఎవరికీ చెప్పలేదు. తింటూనే నేర్చుకోమంది.

ఆమెకు అరవై మూడేళ్లు. సన్నగా, కొద్దిగా ముందుకు వంగినట్టు ఉంటుంది. బూడిదరంగు స్వెట్టర్ జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయి. జుట్టు తనే కత్తిరించుకుంటుంది, అందుకే ఎడమవైపు పొట్టిగా, కుడివైపు పొడుగ్గా ఉంటుంది. గొంతు ఎంత చిన్నదంటే, ఆమె మాట్లాడితే ఎదుటివాళ్లు ముందుకు వంగి వినాలి. ఇరవై ఆరేళ్లుగా పరాయి దేశాల నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లీషు చెబుతోంది. మొదట కాలేజీలో, తర్వాత లైబ్రరీ మేడ మీద, ఆ తర్వాత చర్చి హాల్లో. ఒక్కొక్కటే మూసేశారు. మూసిన ప్రతిసారీ ఆమె ముందు ఒక కాగితం పెట్టారు. ఆమె సరే అని సంతకం పెట్టింది. ఎనిడ్‌కు కోపమే రాదని ఆ ఊళ్లో అందరూ అంటారు. అదేదో మంచి గుణమన్నట్టు అంటారు.

ప్లామెన్ అందరికంటే ముందొచ్చాడు. బల్గేరియా వాడు, నలభై ఏళ్లుంటాయి, గోదాములో పెట్టెలెత్తే బండి తోలుతాడు. వెనకే మిహేలా వచ్చింది. రొమేనియా పిల్ల, ప్యాకింగులో ఉంటుంది. తర్వాత ఇంకో ముగ్గురు. అందరి తలలకూ నీలం వలలు, అందరి దగ్గరా పచ్చి క్యాబేజీ వాసన. ఆల్డోనా చివర్న వచ్చింది. ఆమె చేతులు రెండుసార్లు కడుక్కుంటుంది, అందుకే రోజూ ఆలస్యం.

ఆల్డోనాది లిథువేనియా. యాభై తొమ్మిదేళ్లు. భుజాలు వెడల్పు, మోకాళ్లు వాచి ఉంటాయి, కుర్చీలో కూర్చోవాలంటే ముందు బల్ల పట్టుకోవాలి. అక్కడ చక్కెర ఫ్యాక్టరీలో బీట్‌రూట్ బళ్లు తూచే కాటా దగ్గర గుమాస్తాగా పనిచేసింది. ఇక్కడ పదమూడేళ్లుగా కత్తుల వరసలో నిలబడి క్యాబేజీల బయటి ఆకులు, మొదళ్లు కోస్తోంది. కుడి చూపుడువేలు మధ్య కణుపు దగ్గర వంగిపోయింది. దాన్ని తిన్నగా చేయాలంటే ఎడమ చేత్తో లాగాలి.

"టీచర్, నేను తింటూ," అన్నాడు ప్లామెన్, నోటినిండా పెట్టుకుని.

"పెట్టె జారింది," అంది మిహేలా.

ఇది వాళ్ల తరగతిలో పుట్టిన మాట. ఇప్పుడు, ఈ నిమిషంలో జరుగుతున్న పనిని ఇంగ్లీషులో చెప్పాలంటే ఒక్క మాట చాలదు. ముందు ఒక చిన్న మాట రావాలి, మనిషిని బట్టి అది మారుతుంది: ఆమ్, ఈజ్, ఆర్. తర్వాత క్రియకు 'ఇంగ్' అనే తోక తగలాలి. తోకను అందరూ ఇట్టే పట్టుకుంటారు, గట్టిగా వినిపిస్తుంది కాబట్టి. ముందున్న చిన్న మాటే జారిపోతుంది. 'నేను కోస్తూ', 'అతను మోస్తూ', 'ఆమె నవ్వుతూ' అంటారు. ఉన్నారో లేదో చెప్పరు. సెప్టెంబరులో రెండో క్లాసుకే ఎనిడ్ విసిగిపోయి, మూలనున్న ప్లాస్టిక్ పెట్టెను బల్ల మీదికి తెచ్చింది. నాలుగు క్యాబేజీలున్నాయి అందులో. ఒక్క చెవి పట్టుకుని ఎత్తింది. క్యాబేజీలు దొర్లుకుంటూ ఫ్రిజ్ కిందికి పోయాయి. రెండో చెవి కూడా పట్టుకుని ఎత్తి చూపించింది. ఈ చెవి 'ఆమ్', ఆ చెవి 'ఇంగ్', రెండూ పట్టుకోకపోతే పెట్టె లేవదు అంది. పదేళ్లుగా పెట్టెలెత్తే వాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

"నేను తింటూ ఉన్నాను," అని దిద్దుకున్నాడు ప్లామెన్.

"ఏం తింటున్నావు?" అడిగింది ఎనిడ్.

"రొట్టె."

"ఎవరి రొట్టె?"

ప్లామెన్ ఒకసారి పక్కకి చూశాడు. "ఆల్డోనక్క రొట్టె."

"వీడు దొంగతనం చేస్తున్నాడు," అంది ఆల్డోనా. రెండు చెవులూ పట్టుకుని, ఒక్క తప్పు లేకుండా. తర్వాత ప్లామెన్ వైపు తిరిగి రష్యన్‌లో ఏదో అంటించింది. ఇద్దరికీ చిన్నప్పుడు బడిలో కొట్టి నేర్పిన భాష అది. ఆ భాషంటే ఇద్దరికీ పడదు, అయినా తిట్టుకోవడానికి అదొక్కటే ఇద్దరికీ ఉంది.

"ఏమంది?" అడిగింది మిహేలా.

"నా పొట్ట పెరుగుతూ ఉందట," అన్నాడు ప్లామెన్. "చూశారా టీచర్, రెండు చెవులు."

అందరూ నవ్వారు. ఎనిడ్ కూడా నవ్వింది కానీ కళ్లు గడియారం మీదే ఉన్నాయి.

ఇవాళ రెండు గంటలకు పరీక్ష. జనవరిలో కొత్త యంత్రం వస్తోంది. అది వస్తే కత్తుల వరసలో సగంమంది చాలు. మిగిలినవాళ్లను తీసేస్తున్నామని చెబితే గొడవవుతుందని, భద్రత కోసం ఇంగ్లీషు వచ్చినవాళ్లనే లోపల ఉంచుతామని ఫ్యాక్టరీ ఒక నియమం పెట్టింది. ఒక పెద్ద బొమ్మ చూపిస్తారు. ఫ్యాక్టరీ హాలు బొమ్మ, అందులో ఎనిమిది మంది మనుషులు. ఒకడు కత్తి పట్టుకుని పరిగెడుతుంటాడు, ఒకామె చేతికి తొడుగు లేకుండా యంత్రం మీదికి వంగి ఉంటుంది, ఒకడు బండి తోలుతూ ఫోన్ మాట్లాడుతుంటాడు. వాళ్లలో ఐదుగురు ఏం చేస్తున్నారో చెప్పగలిగితే లోపలే పని. చెప్పలేకపోతే పొలానికి వెళ్లాలి. నవంబరు నుంచి మార్చి దాకా, సముద్రం మీంచి వచ్చే గాలిలో, మోకాలి లోతు బురదలో వంగి క్యాబేజీ కోయాలి. ఆల్డోనా మోకాళ్లు అక్కడ వారం రోజులు కూడా ఆగవు. ఆ సంగతి ఆల్డోనాకు తెలుసు, ఎనిడ్‌కు తెలుసు. నియమం పెట్టినవాళ్లకు ఇంకా బాగా తెలుసు.

ఒంటిగంటకు అందరూ లేచారు. ఎనిడ్ ఆల్డోనాను రెండు నిమిషాలు ఆపింది. బొమ్మ ముందు పెట్టి, "వీళ్లంతా ఏం చేస్తున్నారు, చెప్పమ్మా," అంది.

ఆల్డోనా వంకర వేలితో ఒక్కొక్కళ్లనే చూపిస్తూ ఎనిమిది మందీ ఏం చేస్తున్నారో చెప్పింది. మెల్లగా, ఒక్కొక్క మాటా తూచినట్టు. చివర్న, బొమ్మలో మూలన బకెట్ పక్కన పెట్టుకుని వంగిన ముసలామెను చూపించి, "ఈవిడ నేల తుడుస్తూ ఉంది. ఎవరూ ఈవిడని చూడటం లేదు," అంది. అంత పెద్ద వాక్యం ఎనిడ్ నేర్పలేదు.

"చాలు. ఇలాగే చెప్పు. అడిగేది నేనే."

"మీరు అడిగితే చెప్తాను," అంది ఆల్డోనా.

సెప్టెంబరులో అలా చెప్పలేదు. మొదటి క్లాసులో ఎనిడ్ తన ఇరవై ఆరేళ్ల అలవాటు ప్రకారం ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, మీరు ఏం చేస్తున్నారని అడిగింది. రొట్టె తింటున్నాను, టీ తాగుతున్నాను, కూర్చున్నాను, ఇలా ఏదో ఒకటి చెబుతారనుకుంది. ఆల్డోనా చేతిలో రొట్టె బల్ల మీద పెట్టేసింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తల దించి, "సారీ" అంది. ఎనిడ్ మిహేలాను అడిగింది. మిహేలా ఫోన్ దాచేసి "సారీ" అంది. మిగతావాళ్లూ అంతే, నోట్లో ముద్ద మింగడం కూడా ఆపేశారు. ఫ్యాక్టరీలో ఆ ప్రశ్న ఎవరైనా ఎందుకు అడుగుతారు? లైను మీద చెయ్యి నెమ్మదించినప్పుడు సూపర్‌వైజరు వెనక నుంచి వచ్చి అడుగుతాడు. దానికి జవాబు ఎవరికీ అక్కర్లేదు. ఏళ్ల తరబడి రోజుకు పదిసార్లు ఆ ప్రశ్న విన్నవాళ్లకు, అది విన్నప్పుడు చేతులు దించాలని మాత్రమే తెలుసు.

ఆ రోజు ఇంటికి వెళ్తూ బస్సులో ఎనిడ్ ఏడవలేదు కానీ, దిగాల్సిన చోటు దాటిపోయింది. వాళ్ల నాన్న తులిప్ దుంపల పొలంలో మేస్త్రీ. ముప్పై మంది ఆడవాళ్లు వరసగా వంగి దుంపలు తీస్తుంటే వెనక నడిచేవాడు. ఆ ముప్పై మందిలో ఎనిడ్ వాళ్లమ్మ కూడా ఉండేది. పదేళ్ల ఎనిడ్ టీ డబ్బా పట్టుకుని గట్టు మీద నిలబడితే నాన్న గొంతు వినపడేది: "ఏం చేస్తున్నావ్ అక్కడ?" అమ్మను కూడా అలాగే అడిగేవాడు. ఇంట్లో పేరు పెట్టి పిలిచే మనిషిని పొలంలో అలా అడిగేవాడు. అమ్మ తల ఎత్తకుండా సారీ అనేది. ఎనిడ్‌కు నాన్న మీద ఆ రోజు కోపం రాలేదు. టీ చల్లారిపోతుందని మాత్రమే అనుకుంది. ఆ కోపం యాభై ఏళ్లు ఆలస్యంగా, బస్సులో వచ్చింది.

అప్పటి నుంచి ఆమె ఆ ప్రశ్నను రోజుకో రకంగా అడిగింది. తను కుర్చీ ఎక్కి నిలబడి, నేనేం చేస్తున్నానో చెప్పండి అంది. కోటు తిరగేసి తొడుక్కుని అడిగింది. ప్లామెన్ వీపు గోక్కుంటుంటే అందరి చేతా చెప్పించింది. పది వారాలు పట్టింది. పదో వారానికి ఆల్డోనా చేతులు దించకుండా, తింటూనే, కళ్లలోకి చూసి జవాబు చెప్పింది.

ఒంటిగంటన్నరకు క్రెయిగ్ మావర్ వచ్చాడు. కత్తుల వరసకు సూపర్‌వైజరు. ముప్పై నాలుగేళ్లు, ఎర్రటి మెడ, చేతిలో ఎప్పుడూ ఒక అట్ట, దానికి క్లిప్పుతో కాగితాలు. ఎనిడ్ ఉండే వీధికి రెండు వీధుల అవతలే పుట్టాడు.

"ఎనిడమ్మా, చిన్న మార్పు," అన్నాడు. "ప్రశ్నలు నేనడుగుతాను. మీరు పక్కన కూర్చుని సంతకం పెట్టండి చాలు. మీకే పని తక్కువ."

"నేనడుగుతానని కదా చెప్పారు."

"పైవాళ్లు మార్చారు. లైను మీద అడిగేది నేను కదమ్మా. మరి నాకే కదా జవాబు చెప్పగలగాలి."

అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. తప్పు పట్టడానికి దొరకకుండా మాట్లాడటం వాళ్లకు బాగా వచ్చు. "సరే నాయనా," అంది ఎనిడ్. అన్న వెంటనే ఆ మాట నోట్లో చేదుగా తగిలింది. కాలేజీ మూసినప్పుడు అన్న సరే, లైబ్రరీలో అన్న సరే, చర్చి హాల్లో అన్న సరే, అన్నీ ఇదే గొంతుతో అన్నది.

టీ తెచ్చుకుందామని నడవాలోకి వెళ్లింది. గోడ వారగా నాలుగు జతల రబ్బరు బూట్లు పెట్టి ఉన్నాయి. మోకాళ్ల దాకా వచ్చేవి, ఆకుపచ్చవి, కొత్తవి. పొలంలోకి వేసుకునేవి. ఒక్కో జత మీద తెల్లటి టేపు ముక్క అంటించి, నల్ల పెన్నుతో పేరు రాశారు. ఎనిడ్ వంగి చదివింది. మూడో జత మీద ఆల్డోనా అని ఉంది. మిగతా మూడు పేర్లూ ఆమెకు తెలుసు. అందరూ యాభై అయిదు దాటినవాళ్లే. మిహేలా పేరు లేదు, ప్లామెన్ పేరు లేదు.

పరీక్షకు ఇంకా ఇరవై నిమిషాలుంది.

ఎనిడ్ టీ తెచ్చుకోలేదు. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. జేబులోంచి పెన్ను తీసి మళ్లీ లోపల పెట్టింది. లోపల రేగింది భయం కాదని గ్రహించడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది, కోపం అంత అలవాటు లేదు.

రెండు గంటలకు షిఫ్టు దిగింది. మొదట ప్లామెన్ వచ్చాడు. క్రెయిగ్ బొమ్మలో ఫోన్ మాట్లాడుతున్న వాణ్ణి చూపిస్తే, "ఇతను భార్యతో మాట్లాడుతున్నాడు. భార్య తిడుతూ ఉంది," అన్నాడు ప్లామెన్. క్రెయిగ్ నవ్వి ఐదుకు ఐదు వేశాడు. తర్వాత మిహేలా, ఐదుకు నాలుగున్నర, పరవాలేదు పో అన్నాడు. రెండింటి కిందా ఎనిడ్ సంతకం పెట్టింది. ఆ రెండూ నిజమే కాబట్టి పెట్టింది. ప్లామెన్ వెళ్లిపోలేదు, తలుపు దగ్గరే నిలబడ్డాడు.

ఆల్డోనా వచ్చి బల్ల పట్టుకుని కూర్చుంది. చేతులు ఇప్పుడే కడుక్కున్నట్టుంది, ఎర్రగా ఉన్నాయి. రెండూ బొమ్మకు అటూ ఇటూ బల్ల మీద పెట్టింది.

క్రెయిగ్ అట్ట తిప్పి, తల ఎత్తకుండా, రోజూ అడిగే గొంతుతో, "ఊఁ, ఆల్డోనా, ఏం చేస్తున్నావ్?" అన్నాడు. కాగితం మీద మొదటి ప్రశ్న అదే. కూర్చున్నాను అంటే చాలు.

ఆల్డోనా చేతులు బల్ల మీంచి జారి ఒళ్లోకి వెళ్లిపోయాయి. "సారీ, క్రెయిగ్," అంది.

"సారీ కాదు. ఏం చేస్తున్నావని అడిగాను."

"సారీ."

క్రెయిగ్ ఎనిడ్ వైపు చూసి పెదవి విరిచాడు. పెన్నుతో బొమ్మలో పరిగెడుతున్న వాడి మీద రెండుసార్లు కొట్టాడు. "సరే, వీడు? వీడేం చేస్తున్నాడు?"

ఆల్డోనా బొమ్మ వైపు చూడలేదు. పెన్ను వైపు చూసింది, అతని మొహం వైపు చూసింది. మళ్లీ సారీ అంది. క్రెయిగ్ ఇంకో ఇద్దర్ని చూపించాడు. గడియారం చూశాడు. కాగితం మీద సున్నా వేసి ఎనిడ్ ముందుకు తోశాడు.

"ఇక్కడ పెట్టండమ్మా."

ఎనిడ్ లేచి తన కుర్చీని ఈడ్చుకొచ్చింది. క్రెయిగ్‌కూ ఆల్డోనాకూ మధ్య వేసుకుని, అతనికి వీపు పెట్టి కూర్చుంది. బొమ్మను తనవైపు లాక్కుని, "ఆల్డోనా, నన్ను చూడమ్మా. వీడేం చేస్తున్నాడు?" అంది.

గోడ అవతల యంత్రాలు కడుగుతున్న నీళ్ల చప్పుడు వినిపించింది. ఆల్డోనా ఒక చెయ్యి పైకి తీసింది. "ఇతను పరిగెడుతూ ఉన్నాడు," అంది. "ఈమె తొడుగు వేసుకోకుండా వంగి ఉంది. ఇతను ఫోన్ మాట్లాడుతూ ఉన్నాడు." ఒకటి తర్వాత ఒకటి ఎనిమిదీ చెప్పింది. ఒక్క చెవి కూడా వదల్లేదు.

"ఎనిమిదికి ఎనిమిది," అంది ఎనిడ్. సున్నా కొట్టేసి ఎనిమిది వేసింది.

"బాగా చెప్పింది, నేను కాదనను," అన్నాడు క్రెయిగ్. "కానీ అది చెల్లదు. నాకు చెప్పాలి, మీకు కాదు. హాల్లో మీరుండరు కదా."

"నీకు చెప్పలేకపోవడం ఇంగ్లీషు రాకపోవడం కాదు క్రెయిగ్. నువ్వంటే భయం. ఆ పరీక్ష ఎవరికి పెట్టాలో నీకు తెలియదా?"

"ఎనిడమ్మా, నా చేతిలో ఏముంది చెప్పండి."

"బూట్ల మీద పేర్లు రాసింది నీ చెయ్యే కదా. నీ రాత నాకు తెలుసు. పరీక్ష కాకముందే ఎవరు తప్పుతారో నీకెలా తెలిసింది?"

క్రెయిగ్ మెడ ఇంకా ఎర్రబడింది. "అవి... సైజులు చూడాలని. ఎవరో ఒకరు వెళ్లాలి కదా."

"మీ నాయనమ్మ మా నాన్న దగ్గర పనిచేసింది," అంది ఎనిడ్. గొంతు పెద్దది కాలేదు. ఎప్పటిలాగే చిన్నదే, కానీ ఈసారి వినడానికి ఎవరూ ముందుకు వంగక్కర్లేకపోయింది. "వానలో వంగి దుంపలు తీసేది. మా నాన్న వెనక నిలబడి అడిగితే ఇలాగే చేతులు దించేది. నేను చూశాను. ఇంటికెళ్లి మీ అమ్మనడుగు, ఆవిడ నడుం ఎలా పోయిందో. ఆ తర్వాత వచ్చి ఈవిడ కాళ్లకు బూట్లు తొడుగు. నేను దీని మీద సంతకం పెట్టను."

"పెట్టకపోయినా ఏం కాదు," అన్నాడు క్రెయిగ్. అతను బెదిరించడానికి అనలేదు, ఉన్న మాట చెప్పాడు. "పైవాళ్లు ఎలాగూ పంపిస్తారు."

"మరి నన్నెందుకు పెట్టుకున్నారు?"

"కాగితం మీద ఇంగ్లీషు టీచర్ పేరు ఉండాలన్నారు."

ఎనిడ్ తల తిప్పి గదంతా చూసింది. ఇరవై ఆరేళ్లు. కాలేజీ, లైబ్రరీ, చర్చి హాలు, ఈ ఫ్రిజ్ పక్క బల్ల. ఇన్నాళ్లూ తన సంతకానికి ఏదో విలువుందని, అది పెట్టి తప్పు చేస్తూ వచ్చానని కుమిలింది. అది పెట్టినా పెట్టకపోయినా వాళ్లకు ఒకటే.

"ఆల్డోనా, రేపు ఆరింటికి గేటు దగ్గర," అన్నాడు క్రెయిగ్, కాగితాలు సర్దుకుంటూ. "బూట్లు నడవాలో ఉన్నాయి. సరిపోకపోతే చెప్పు."

అప్పటిదాకా ఆల్డోనాను ఇద్దరూ మరిచిపోయారు. ఆమె గురించే మాట్లాడుకున్నారు, ఆమెతో మాట్లాడలేదు. ఆల్డోనా బల్ల పట్టుకుని లేచింది. నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది.

తన భాషలో మాట్లాడింది. పదమూడేళ్లుగా ఆ ఫ్యాక్టరీలో ఎవరూ విననంత వేగంగా, వెతుక్కోకుండా, ఎక్కడా ఆగకుండా. గొంతే మారిపోయింది. ఇంగ్లీషులో సన్నగా, పైపైన వచ్చే గొంతు ఇప్పుడు పొట్టలోంచి వస్తోంది. మధ్యలో ఒకసారి మోకాలి మీద కొట్టుకుంది. ఒకసారి గోడ అవతలి హాలు వైపు వేలు చూపించింది, వంకర వేలు కాబట్టి అది ఎటో చూపించింది. ఒకసారి నవ్వింది, మంచి నవ్వు కాదు. క్రెయిగ్ అనే పేరు మూడుసార్లు వినిపించింది. ఎనిడ్ అనే పేరు ఒకసారి.

క్రెయిగ్ లేచి నిలబడ్డాడు. "ఏమంటోంది?"

"నాకు తెలియదు," అంది ఎనిడ్.

"నువ్వు చెప్పు ప్లామెన్, మీరిద్దరూ మాట్లాడుకుంటారుగా."

"అది రష్యన్ సార్," అన్నాడు ప్లామెన్ తలుపు దగ్గర నుంచి. "ఇది ఆవిడ సొంత భాష. మాకు ఒక్క ముక్క రాదు. కానీ తిట్టడం మాత్రం కాదు. తిడితే తెలుస్తుంది."

ఆల్డోనా చెప్పడం అయిపోయింది. ఊపిరి పీల్చుకుంది. కుర్చీని బల్ల కిందికి జాగ్రత్తగా తోసింది. ప్లామెన్ పక్కకు జరిగి దారిచ్చాడు. ఆమె వెళ్లిపోయింది. కిటికీలోంచి ఎనిడ్‌కు కార్లు నిలిపే చోటు కనిపించింది. ఆల్డోనా గేటు వైపు నడుస్తోంది, కుడికాలు కొంచెం ఈడుస్తూ. తలకు నీలం వల ఇంకా అలాగే ఉంది. గేటు దగ్గర తన ఫ్యాక్టరీ కార్డు తీసి కాపలావాడి చేతికి ఇచ్చింది. రేపు ఆరింటికి వచ్చే మనిషి కార్డు ఇవ్వదు.

తన పేరు ఎందుకు వచ్చిందో ఎనిడ్‌కు తెలియదు. ఈవిడ ఒక్కత్తే నయం అందో, ఈవిడ కూడా మీలాంటిదే అందో. ఇరవై ఆరేళ్లలో ఎంతో మంది చేత తన భాష మాట్లాడించింది. వాళ్ల భాషల్లో ఒక్క మాటైనా తిరిగి అడిగి నేర్చుకోలేదు. తన మీదే వచ్చిన ఆ కోపం మాత్రం క్రెయిగ్ మీద తోసేయడానికి వీల్లేనిది.

"సోమవారం రానక్కర్లేదనుకుంటానమ్మా," అన్నాడు క్రెయిగ్, ఆమె మొహం వైపు చూడకుండా. "ఆఫీసు నుంచి ఫోన్ చేస్తారు."

ఈసారి ఆమె సరే అనలేదు. సంచి తీసుకుని నడవాలోకి వచ్చింది. గోడ వారగా మోకాళ్ల మీద కూర్చుని, బూట్ల మీది తెల్ల టేపులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టింది. కొత్త జిగురు, తొందరగా ఊడదు. గోళ్లతో గీకింది. నాలుగు పేర్లూ ఊడదీసింది. అవి వేళ్లకు అతుక్కుపోయాయి. ఒక చేత్తో లాగితే రెండో చేతికి అంటుకున్నాయి. దులిపితే రాలలేదు. అరవై మూడేళ్ల మనిషి నేల మీద కూర్చుని చేతులు విదిలిస్తుంటే రెండో షిఫ్టుకు వచ్చేవాళ్లు చుట్టూ తిరిగి వెళ్లారు. ఇదంతా ఎందుకూ పనికిరాదని ఆమెకు తెలుసు. రేపు ఇంకో టేపు మీద ఇంకో పేరు రాస్తారు. అయినా మొత్తం పీకేదాకా లేవలేదు.

చేతులకు నలుగురి పేర్లతో గేటు వైపు నడిచింది. హాలు తలుపు పక్కన కత్తుల బీరువా తెరిచి ఉంది. షిఫ్టు మారేటప్పుడు ఎవరి నంబరు గాడిలో వాళ్లు కత్తి పెట్టి వెళ్లాలి, తర్వాతి షిఫ్టువాళ్లు తీసుకోవాలి. అన్నీ ఒకేలాంటివి, పసుపుపచ్చ ప్లాస్టిక్ పిడులు. చాలావరకు తీసుకుపోయారు. ముప్పై ఒకటో నంబరు గాడిలో ఒకటి మిగిలింది. దాని పిడి చుట్టూ ఎవరో నీలం గుడ్డపట్టీ బిగించి చుట్టారు, ఆ పట్టీ నాలుగు వేళ్ల మేర అరిగి నల్లబడి, చూపుడువేలు పడే చోట మాత్రం కాస్త పక్కకి, వంకరగా గుంట పడి ఉంది.